పానీనీ చిత్రంలా పెద్ద హాలును ఫోటో తీయడం

ఇటలీ చిత్రకారుడు జొవాన్ని పావొలో పానీనీ 1754 ప్రాంతంలో రోమ్ సెయింట్ పీటర్స్ చర్చి లోపలి దృశ్యాన్ని గీశాడు. ఆ చిత్రం వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అంత వెడల్పు చూపించినా అంచుల్లోని స్తంభాలు గానీ మనుషులు గానీ సాగిపోలేదు. వైడ్ లెన్స్‌తో తీసిన ఫోటోలో ఇది కుదరదు. 2010 నాటికి ఆయన పేరుతోనే ఒక ప్రొజెక్షన్, అంటే చుట్టూ ఉన్న దృశ్యాన్ని చదునైన ఫోటో మీద పరిచే పద్ధతి, వచ్చింది. ఫోటోలను పక్కపక్కన అతికించడానికి ఉచితంగా దొరికే హ్యూగిన్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని వాడుకోవచ్చు.

తేడా ఎంతంటే, దృశ్యం నడిమి నుంచి 75 డిగ్రీల పక్కన నిలబడ్డ మనిషి మామూలు లెన్స్ పద్ధతిలో అడ్డంగా దాదాపు 15 రెట్లు, నిలువుగా 4 రెట్లలోపు సాగుతాడు. అందుకే పీపాలా కనిపిస్తాడు. పానీనీ ప్రొజెక్షన్‌లో అడ్డంగానూ నిలువుగానూ 1.6 రెట్లే, కాబట్టి ఆకారం చెడదు.

ముందు ఫోటోకు నడిమి ఎక్కడో చూసుకోండి. హాలు పొడవునా సాగే గీతలు దూరంగా ఎక్కడ కలుస్తున్నట్టు కనిపిస్తాయో అదే ఫోటోకు నడిమి బిందువు కావాలి. ఈ ప్రొజెక్షన్‌లో నిలువు గీతలూ, ఆ బిందువు వైపు వెళ్లే గీతలూ మాత్రమే తిన్నగా ఉంటాయి. ఆ బిందువు నడిమిలో లేకపోతే గోడల అంచులు వంగుతాయి.

ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సర్) కెమెరా, 24 మి.మీ. లెన్స్ అయితే ట్రైపాడ్ మీద కెమెరాను నిలువుగా బిగించండి. ఒక్కో ఫోటో 53 డిగ్రీల వెడల్పు పడుతుంది. 30 డిగ్రీలకొకటి చొప్పున 5 తీస్తే 173 డిగ్రీలు వస్తాయి, 150 ఉంచుకుని మిగతాది కత్తిరించాలి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి కదపకండి. కిటికీల వెలుగు తెల్లగా పోకుండా ఎక్స్‌పోజర్ చూసుకుని రా ఫార్మాట్‌లో (సెన్సర్ డేటాను మార్చకుండా దాచే ఫైల్‌గా) తీయండి.

కెమెరా తిప్పుతున్నప్పుడు దగ్గరి స్తంభం వెనక గోడతో పోలిస్తే పక్కకు జరుగుతోందా? అయితే అది తిరగాల్సిన బిందువు మీద తిరగడం లేదు. ట్రైపాడ్‌కు బిగించే జారుడు పట్టీ (నోడల్ రైల్) మీద కెమెరాను ముందుకీ వెనక్కీ జరిపి ఆ కదలిక ఆగేచోట బిగించండి. ఇది వదిలేస్తే నేల మీది రాళ్ల అతుకులు కలవవు.

హ్యూగిన్‌లో ఫోటోలను అతికించాక, స్తంభాల అంచుల మీద మూడు నాలుగు నిలువు గీతలు గుర్తించి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి, అంటే ఫోటోల అమరికను సాఫ్ట్‌వేర్‌తో తిరిగి లెక్కించండి. లేకపోతే స్తంభాలు ఒరుగుతాయి. ప్రివ్యూలో 'పానీనీ జనరల్' ప్రొజెక్షన్ ఎంచుకుని, దృశ్యాన్ని లాగి కలిసే బిందువును నడిమికి తేవాలి. అక్కడ కంప్రెషన్ అనే విలువను 100 దగ్గర మొదలుపెట్టండి. 0 అంటే మామూలు లెన్స్ చూపే, 150 దాకా పెంచితే లోతు చదునవుతుంది.

ఎదుటి గోడ అంచులు, మెట్లు, నేల మీది అడ్డ పట్టీలు వంపు తిరుగుతాయి. అక్కడే ఉండే టాప్స్ (పైభాగం), బాటమ్స్ (కిందిభాగం) విలువలను విడివిడిగా కొద్దికొద్దిగా పెంచితే ఆ వంపు తగ్గుతుంది. ఎక్కువైతే అంచుల్లోని స్తంభాలు నలిగినట్టవుతాయి. కొంచెం వంపు ఉండనివ్వడమే మేలు.

ఈ ప్రొజెక్షన్ వెడల్పును మాత్రమే కాపాడుతుంది. రోమ్‌లోని పాంథియాన్ గుడి లాంటి గుమ్మటం కోసం కెమెరాను పైకెత్తి తీసిన వరస ఫోటోలు కూడా కలిపితే పైభాగం నిలువుగా సాగుతుంది.

మనుషులను పూర్తిగా చెరిపేయకండి, హాలు ఎంత పెద్దదో చెప్పేది వాళ్లే. రెండు ఫోటోల్లోనూ పడ్డవాళ్లను మాస్క్‌తో (ఫోటోలో వద్దనుకున్న భాగాన్ని గుర్తించి దాచే సాధనంతో) ఒకదాంట్లోంచి తీసేయండి. కెమెరాను 1.6 మీటర్ల ఎత్తులో ఉంచితే దగ్గరివాళ్ల తలలూ దూరంవాళ్ల తలలూ ఇంచుమించు ఒకే గీత మీదికి వస్తాయి.