అగ్నిమాపక తనిఖీకి భవనాన్ని సిద్ధం చేసుకోవడం: విశాఖలోని అపార్ట్‌మెంటు సంఘాలకు, హాస్టళ్ల నిర్వాహకులకు

అగ్నిమాపక శాఖ తనిఖీకి వస్తోందని తెలియగానే చాలా సంఘాలు ముందుగా బీరువాలోని ఫైలు తీస్తాయి. మధురవాడలోని మా ఏడంతస్తుల భవనానికి కార్యదర్శిగా పనిచేసిన కాలంలో నేను ఈ వరుసను తిరగవేసుకున్నాను. ముందు నీళ్లు వస్తున్నాయా, మెట్ల తలుపులు తెరుచుకుంటున్నాయా అని మనమే చూసుకుని, ఆ తరువాత ఫైలు తీయాలి. అధికారి ఏడాదికి ఒక పూట వస్తారు, మంట మాత్రం ఏ రాత్రయినా రావచ్చు.

ముందుగా మీ భవనం చట్టం పరిధిలోకి వస్తుందో లేదో తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం, 1999 ప్రకారం 18 మీటర్లకు మించిన నివాస భవనాలకు, 15 మీటర్లు అంతకు పైబడిన వాణిజ్య భవనాలకు, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ఉన్న లేదా 6 మీటర్లకు మించి ఎత్తున్న పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం చేరే కట్టడాలకు నిరభ్యంతర పత్రం అవసరం. వాడుకలో దీన్నే ఫైర్ ఎన్‌వోసీ అంటాం. ప్లాను ఆమోదానికి ముందు ఒకటి, కట్టడం పూర్తయి మనుషులు చేరే ముందు మరొకటి తీసుకుని, పత్రంపై ముద్రించిన గడువు తీరేలోగా పునరుద్ధరించుకోవాలి. మొదటి పత్రంతో పాటు రాసిచ్చిన షరతుల జాబితా బిల్డర్ దగ్గరే ఉండిపోవడం తరచు జరుగుతుంది. దాన్ని తప్పక రాబట్టుకోండి, ఎందుకంటే తనిఖీకి వచ్చినవారు భవనాన్ని పోల్చి చూసేది ఆ జాబితాతోనే.

ఇక నీళ్ల సంగతి. విశాఖలో వేసవి ముదిరి ట్యాంకర్లకు ఎదురుచూసే రోజుల్లో అగ్నిమాపక ట్యాంకులోని నీళ్ల మీదకు అందరి చూపూ పోతుంది. మా భవనంలో ఒక ఏప్రిల్ నెలలో ఐదో అంతస్తు హోస్ రీల్ (మంటార్పడానికి గోడకు చుట్టి ఉంచే నీళ్ల గొట్టం) తిప్పితే నీళ్లు కాసేపు వచ్చి ధార సన్నగిల్లిపోయింది. విచారిస్తే, అంతకు ముందు వేసవిలో ఇంటి అవసరాలకని ఆ ట్యాంకు నుంచి ఒక గొట్టం కలిపారనీ, దాన్ని తిరిగి తీసేయడం అందరం మరిచామనీ తెలిసింది. ఆ పూట నా చేతులు వణికాయి, ఎందుకంటే అదే అంతస్తులో మంచం దిగలేని పెద్దవారు ఇద్దరు ఉన్నారు. అందువల్ల ట్యాంకు మూత తెరిచి నీటి మట్టాన్ని కంటితో చూడండి, దాని నుంచి బయలుదేరే ప్రతి గొట్టం ఎక్కడికి వెళుతుందో ప్లంబర్ చేత చూపించుకోండి, ఇంటి వాడకానికి ఆ నీళ్లు తీయకూడదని సంఘం సమావేశంలో తీర్మానం రాసుకోండి.

తరువాత పంపుల గదికి వెళ్లండి. గొట్టాల్లో ఒత్తిడి కొద్దిగా తగ్గితే దాన్ని నిలబెట్టే చిన్న పంపు అయిన జాకీ పంపు, బాగా పడిపోతే ప్రధాన పంపు, కరెంటు లేకపోతే డీజిల్ పంపు వాటంతట అవే మొదలు కావాలి. రాత్రిపూట జాకీ పంపు మాటిమాటికీ మోగుతోందని వాచ్‌మన్ ప్యానెల్ మీటను ఆటో నుంచి ఆఫ్‌కు తిప్పేసి ఉండడం నేను ఎన్నో భవనాల్లో చూశాను. అలా మోగుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకును బాగుచేయించాలి గానీ మీట తిప్పకూడదు. డీజిల్ పంపును వారానికి ఒకసారి నడిపించి, బ్యాటరీని, ట్యాంకులోని డీజిల్‌ను చూసి పుస్తకంలో రాయించండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత ఈ ఊరు రోజుల తరబడి చీకట్లో గడిపిన సంగతి గుర్తున్నవారికి డీజిల్ పంపు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. జాతీయ భవన నియమావళి ప్రకారం అన్నిటికంటే దూరాన ఉన్న హైడ్రంట్ (మంటార్పే గొట్టం తగిలించే నీళ్ల కుళాయి) దగ్గర కూడా కనీసం 3.5 బార్ ఒత్తిడి ఉండాలి కాబట్టి, పరీక్షను కింద చేసి సరిపెట్టుకోక చిట్టచివరి అంతస్తులో చేయండి.

సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో మరో శత్రువు ఉప్పుగాలి. ప్రతి అంతస్తులో హోస్ తగిలించే ల్యాండింగ్ వాల్వుల చక్రాలు బిగుసుకుపోతాయి, హోస్ పెట్టెల కీళ్లు తుప్పు పట్టి తలుపు ఊడి చేతికొస్తుంది, మంటలార్పే సిలిండర్ అడుగుభాగం పైకి బాగానే కనిపిస్తూ లోలోపల తినుకుపోతుంది. మూడు నెలలకొకసారి ప్రతి వాల్వును పూర్తిగా తెరిచి మూసి గ్రీజు పెట్టించండి, సిలిండర్లను ఎత్తి అడుగు చూడండి. పొడి ఉండే సిలిండర్‌కు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూస్తే సరిపోదు, పిన్ను, సీలు, తయారీ తేదీ, ఒత్తిడి పరీక్ష తేదీ కూడా చూడాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ముల్లు ఉండదు కాబట్టి తూకం వేయడమే మార్గం. నిండుగా ఉన్నప్పటి వాయువు బరువులో పదో వంతుకు మించి తగ్గితే మళ్లీ నింపించాలి.

మంటకన్నా ముందు మనిషిని పడగొట్టేది పొగ. మెట్ల దారికి వేసిన పొగ తలుపులను గాలి కోసమని ఇటుక అడ్డుపెట్టి తెరిచి ఉంచితే, కింద రేగిన పొగ ఆ దారినే పై అంతస్తులన్నిటికీ ఎక్కుతుంది. ఆ తలుపులు వాటంతట అవే మూసుకోవాలి. మేడ మీది తలుపుకు తాళం వేయడం మన అపార్ట్‌మెంట్లలో దాదాపు ఆనవాయితీ. దొంగల భయం, పిల్లల భయం నాకూ తెలుసు, అయినా తాళం తీసి, తాళంచెవి అవసరం లేకుండా లోపలి నుంచి తెరుచుకునే గడియ పెట్టించమని గట్టిగా చెబుతాను. మెట్ల మలుపుల్లో పేర్చిన పాత సోఫాలు, చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు తనిఖీ నాటికి కాదు, ఈ వారమే తొలగించండి.

సెల్లార్‌ను నేను అన్నిటికంటే ఎక్కువ భయంతో చూస్తాను. 2011 డిసెంబరులో కోల్‌కతాలోని ఆమ్రి ఆసుపత్రిలో నేలమాళిగలో పుట్టిన మంట వల్ల పొగ పై అంతస్తులకు పాకి దాదాపు 90 మంది మరణించారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింది భాగంలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న ఒక లాడ్జి భవనంలో 8 మంది ప్రాణాలు కోల్పోయారు. పార్కింగ్‌కు అనుమతి పొందిన సెల్లార్‌లో గోదాం, వంటగది, దుకాణం ఏదీ ఉండకూడదు. స్కూటర్ ఛార్జింగ్‌కు మెట్ల కిందా లిఫ్టు పక్కనా చోటు ఇవ్వకండి, మీటర్ బోర్డు దగ్గర అసలే ఇవ్వకండి.

కరెంటు షాఫ్టులో చీపుళ్లు, పెయింటు డబ్బాలు ఉంటే తీసేయించి, తీగలు దూరే రంధ్రాలను ప్రతి అంతస్తులోనూ మూయించండి. మాటిమాటికీ పడిపోతోందని ఎంసీబీని (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్చును) పెద్దదానితో మార్చిన ఫ్లాట్లు ఉంటే ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి.

చివరగా ఒక టేపు తీసుకుని భవనం చుట్టూ నడవండి. ఎత్తయిన భవనం చుట్టూ అగ్నిమాపక వాహనం తిరిగేందుకు కనీసం 6 మీటర్ల గట్టి నేల ఉండాలని జాతీయ నియమావళి చెబుతోంది. ప్లానులో చూపిన ఆ ఖాళీలోనే మనం కార్లు పెడుతున్నాం, జనరేటర్ షెడ్డు వేస్తున్నాం, పూలకుండీల అరుగులు కడుతున్నాం.

తనిఖీ రోజున కార్యదర్శితో పాటు పంపు నడిపే మనిషి, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్ ఉండాలి, అన్ని గదుల తాళంచెవులూ చేతిలో ఉండాలి. ఆమోదిత ప్లాను, పాత పత్రాలు, సిలిండర్ల రిజిస్టరు, పంపుల పుస్తకం, మాక్ డ్రిల్ జరిపిన వివరాలు ఒకే ఫైలులో పెట్టండి. లోపం కనిపిస్తే కప్పిపుచ్చకుండా, అదేమిటో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. నోటీసు వస్తే గడువులోగా పని చేయించి, ఫొటోలు, బిల్లులు జతచేసి రాతపూర్వకంగానే జవాబిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. గడువు చాలకపోతే ఏ పని ఎప్పటికి పూర్తవుతుందో రాసి ముందుగానే సమయం కోరండి. అంతా తామే చూసుకుంటామని వచ్చే మధ్యవర్తులను దూరం పెట్టండి, వారు తెచ్చే కాగితం మీ ట్యాంకులో నీళ్లు నింపదు.

హాస్టళ్లలో, లాడ్జీల్లో, కోచింగ్ కేంద్రాల్లో ఉండేవారు కూడా చూస్తూ ఊరుకోనక్కరలేదు. కిటికీలకు తెరుచుకోని ఊచలు, ఒకే మెట్ల దారి, రాత్రి బయటి నుంచి వేసే తాళం కనిపిస్తే సమీప అగ్నిమాపక కేంద్రంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మంట కనిపిస్తే 101కి ఫోన్ చేసి, వీధి పేరుతో పాటు పక్కనున్న గుడినో బడినో గుర్తుగా చెప్పండి.

మా భవనంలో ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం ఒక్కో అంతస్తు వారు వంతుల వారీగా హోస్ రీల్ విప్పి, నీళ్లు వదిలి, మళ్లీ చుట్టి పెడతారు. మొదటిసారి దాన్ని విప్పడానికి మాకు చాలాసేపు పట్టింది, ఇప్పుడు ఏడో తరగతి పిల్లలు కూడా చేస్తున్నారు.