ప్రీయాంప్ కొనే ముందు గెయిన్ లెక్క వేసుకోండి

మీ దగ్గరున్నది ఇంటిగ్రేటెడ్ యాంప్ అయితే వెతుకులాట ఇక్కడితో ఆపేయొచ్చు, ప్రీయాంప్ (ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్‌ని అందుకుని, వాల్యూమ్ సరిచేసి పవర్ యాంప్‌కి పంపేది) అందులోనే ఉంది. స్పీకర్లని నడిపే పవర్ యాంప్ విడిగా ఉన్నవాళ్లకే ఈ గోలంతా.

చాలామంది బ్రాండు చూసో, ట్యూబులు వెలుగుతుంటే ఉండే అందం చూసో పడిపోతారు. ముందు చూడాల్సింది గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందనేది. సీడీ ప్లేయరైనా, డాక్ (DAC, డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) అయినా మామూలు ఆర్‌సీఏ ఆడియో సాకెట్ నుంచి మామూలుగా 2 వోల్టులు ఇస్తుంది. 100 వాట్ల పవర్ యాంప్ 8 ఓమ్‌ల స్పీకర్‌కి ఫుల్ పవర్ ఇవ్వాలంటే దాదాపు 28 వోల్టులు బయటికి రావాలి. యాంప్ గెయిన్ 26 డెసిబెల్స్, అంటే 20 రెట్లు అనుకుంటే, లోపలికి 1.4 వోల్టులు వెళ్తే చాలు. అంటే మీ డాక్ ఇచ్చేదే ఎక్కువ! దానిమీద ఇంకో 20 డెసిబెల్స్ పెంచే ప్రీయాంప్ తెచ్చి పెడితే నాబ్ కాస్త కదిపేసరికే ఇల్లు అదిరిపోతుంది. ఇక రోజూ ఆ కింది కొసలోనే వినాలి, మామూలు వాల్యూమ్ పాట్‌లు (నాబ్ వెనకుండే పొటెన్షియోమీటర్లు) మొండికేసేది కూడా సరిగ్గా అక్కడే, ఎడమ కుడి సమానంగా ఉండవు, రాత్రిపూట సౌండ్ తగ్గించి వింటుంటే మధ్యలో వినపడాల్సిన గొంతు ఒక పక్కకి జరిగిపోతుంది. గెయిన్ తగ్గించే స్విచ్ ఉన్నది గానీ, స్టెప్డ్ అటెన్యుయేటర్ (మెట్లుమెట్లుగా తగ్గించే వాల్యూమ్ కంట్రోల్) ఉన్నది గానీ దొరికితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

అసలు గెయినే అక్కర్లేదనుకుంటే పాసివ్ ప్రీయాంప్ ఉంది, ధర తక్కువ, కరెంటు కూడా అక్కర్లేదు. కానీ చిన్న మెలిక. అందులో 10 కిలో ఓమ్‌ల పాట్ ఉంటే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) 2.5 కిలో ఓమ్‌ల దాకా పోతుంది, పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ దానికి కనీసం పది రెట్లుండాలి. 47 కిలో ఓమ్‌లున్న యాంప్‌తో బాధ లేదు, 10 ఉన్నదానితో వద్దు. కేబుల్ కూడా పొట్టిగా ఉంచండి, పొడుగైతే పైస్థాయి స్వరాల మెరుపు తగ్గుతుంది. కొన్ని ట్యూబు ప్రీయాంప్‌లకూ ఇదే ఇంపెడెన్స్ లెక్క చూసుకోవాలి.

టర్న్‌టేబుల్ ఉంటే కథ వేరు. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్, అంటే రికార్డు మీద నడిచే సూది ఉన్న భాగం, ఇచ్చేది మామూలుగా 5 మిల్లీవోల్టుల చుట్టుపక్కలే, ఎంసీ (మూవింగ్ కాయిల్) అయితే చాలావాటికి అర మిల్లీవోల్టు కూడా దాటదు. పైగా ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డులో తగ్గించిన బేస్‌ని, పెంచిన ట్రెబుల్‌ని మళ్లీ సరిచేయడం) కావాలి. వెనకాల ఫోనో అని రాసి లేకపోతే విడిగా ఫోనో స్టేజ్ కొనాల్సిందే, ఆ ఖర్చు ముందే కలుపుకోండి.

బ్యాలెన్స్‌డ్ (మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్) సాకెట్లు గొప్పేమీ కాదు, రెండు పెట్టెల మధ్య చాలా దూరముంటే తప్ప మీటరు కేబుల్‌కి వాటికోసం అదనంగా పెట్టడం దండగ అంటాను. రిమోట్ మాత్రం తప్పకుండా చూడండి.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే పాట ఆపేసి, వాల్యూమ్ మీరు రోజూ వినే స్థాయిలో పెట్టి ట్వీటర్ దగ్గర చెవి పెట్టండి. దగ్గర్లో కాస్త వినపడినా పర్లేదు, కూర్చునే చోటికి కూడా స్ స్ మనే శబ్దం గానీ హమ్ గానీ వినపడితే వదిలేయండి. నాబ్ తిప్పుతుంటే కరకరమంటే బేరమాడొచ్చు, పాట్ శుభ్రం చేస్తే చాలాసార్లు పోతుంది.

ఇంటికి తెచ్చాక ఆన్ చేసేటప్పుడు ముందు ప్రీయాంప్, చివర్లో పవర్ యాంప్. ఆపేటప్పుడు ముందు పవర్ యాంప్. తిరగేస్తే వచ్చే ఢబ్ శబ్దం స్పీకర్లకి మంచిది కాదు.