ఒడిశాలోని బరంపురం ఫ్యామిలీ కోర్టులో ఉత్తర్వు నకలు కోసం వెళ్లే ముందు

ముందు పేరు సంగతి చూసుకోండి. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా కాగితాల్లో అది చివరికి పోతుంది. ఒక్కోసారి పొడి అక్షరంగా మిగులుతుంది. కోర్టు కేసులు చూసుకునే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికేటప్పుడు ఆ రూపాలన్నీ కొట్టి చూడండి. మా అక్క కేసు ఇంటిపేరు తిరగేస్తే గానీ దొరకలేదు. దొరికాక 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు), కేసు నంబరు, సంవత్సరం కాగితం మీద రాసుకోండి.

కేసు ఏ కోర్టులో నడిచిందో రూఢి చేసుకోండి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. బరంపురంలో ఫ్యామిలీ కోర్టు పెట్టకముందు తేలిన విడాకుల కేసైతే జిల్లా కోర్టు రికార్డు రూములో అడగాలి.

దరఖాస్తులో తేదీతో సహా ఏ ఉత్తర్వు కావాలో రాయండి. మామూలు జిరాక్స్ వద్దు, కోర్టు ముద్ర ఉన్న ధ్రువీకృత నకలే అడగండి. గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. మీరు కక్షిదారు కాకపోతే ఎందుకు కావాలో కారణం చూపాలి.

అప్పీలు ఆలోచన ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి. 1984 చట్టం కింద గడువు 30 రోజులే. నకలు తయారవడానికి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు గానీ, మీరు దరఖాస్తు పెట్టకుండా గడిపిన రోజులు తీయరు.

సాక్ష్యం ఒడియాలో ఉంటే, చదవగలిగిన నమ్మకమైన మనిషిని వెంట తీసుకెళ్లండి.

చేతికొచ్చిన నకలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఈ విచారణల వివరాలు ప్రచురించడాన్ని నిషేధించింది. అందులో పిల్లల పేర్లూ ఉంటాయి.