పిల్లులతో బండి ప్రయాణం – మూడో పాఠం: ఆగిన బండిలో కాపురం

మొదటి పాఠంలో మోటార్‌హోమ్, అంటే ఇల్లులా అమర్చుకున్న బండి, లోపలి అమరిక చూశాం. రెండో పాఠంలో క్యారియర్‌ను, అంటే పిల్లిని మోసుకెళ్లే పెట్టెను, పిల్లి తన పడకగా ఒప్పుకొనేలా చేశాం. ఎవరూ పిలవకుండానే మీ పిల్లి దానిలోకి వెళ్లి నిద్రపోతోందా? అయితే ఈ పాఠానికి మీరు సిద్ధం. క్యారియర్ కనబడగానే మంచం కిందికి పరుగెడుతుంటే మాత్రం రెండో పాఠంలోనే మరికొన్నాళ్లు ఉండండి. వెనకబడ్డామని బాధపడనక్కరలేదు. ఈ చదువులో వేగం నిర్ణయించేది పిల్లే.

ఈ పాఠంలో చాలా భాగం బండి చక్రం కదలదు. బండి చేతికి రాగానే చాలామంది చేసే పని ఒకటుంది. శుక్రవారం రాత్రి సామాను సర్దుతారు, శనివారం తెల్లవారుజామున పిల్లిని ఎత్తుకొచ్చి లోపల పెడతారు, హైదరాబాద్ నుంచి నేరుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి బెంగళూరు వైపు సాగిపోతారు. ఆ పిల్లి వైపు నుంచి చూడండి. తెలిసిన ఇల్లు పోయింది. కాళ్ల కింద నేల ఊగుతోంది. ఏ మూల చూసినా పరాయి వాసన. పక్కనుంచి లారీ హారన్లు. నాలుగు భయాలు ఒక్కసారిగా మీద పడితే ఏ జంతువు తట్టుకుంటుంది? ఆ నాలుగింటినీ విడదీసి ఒక్కొక్కటిగా పరిచయం చేయడమే మన పద్ధతి. ముందు బండి దానికి ఇల్లు కావాలి. ఆ తర్వాతే ఆ ఇల్లు కదలాలి.

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు చెబుతారు. పిల్లికి మకాం మార్చడం కొత్తకాదన్నమాట. తాను ముందుగా చూసి, వాసన పట్టి, క్షేమమని తేల్చుకున్న చోటికే అది మారుతుంది. ఆ అవకాశం మనం ఇవ్వాలి.

వాసనతో మొదలు

పిల్లికి బుగ్గల దగ్గర, గడ్డం కింద, పాదాల్లో వాసన గ్రంథులు ఉంటాయి. మీ కాలికో, తలుపు అంచుకో అది చెంప రుద్దినప్పుడు తన గుర్తు పెడుతోందని అర్థం. తన గుర్తులు ఉన్న చోట అది నిశ్చింతగా తింటుంది, పడుకుంటుంది. కొత్త బండిలో ఉండేది ప్లైవుడ్, జిగురు, రెగ్జిన్ వాసనలే. కొత్తగా కట్టించుకున్న బండి అయితే ముందు కొన్ని రోజులు కిటికీలు తెరిచి బాగా గాలి ఆడనివ్వండి.

తర్వాత ఒక శుభ్రమైన నూలు గుడ్డ తీసుకోండి. పిల్లి ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ గుడ్డతో దాని బుగ్గలు మెల్లగా నిమరండి. అదే గుడ్డను బండిలో పిల్లి తల ఎత్తులో ఉండే అంచులకు, మంచం కోళ్లకు, తలుపు చట్రానికి రుద్దండి. రోజూ చేయండి. ఇంట్లో అది పడుకునే దుప్పటిని ఉతకకుండా తెచ్చి బండిలో పరచండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బండి నేలను ఫినాయిల్‌తో తుడవకండి. మన ఇళ్లలో ఇది చేతికి వచ్చేసిన అలవాటు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి అది పాదాలు నాకుతుంది, విషం అలా లోపలికి చేరుతుంది. కర్పూరం, బీరువాల్లో వేసే కలరా ఉండలు కూడా బండిలో ఉండకూడదు. గాఢత తక్కువ సబ్బునీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిస్తే సరిపోతుంది. వాసన గుర్తులున్న అంచులను మాత్రం వదిలేయండి.

ఎక్కడ నిలపాలి, ఏ సందులు మూయాలి

ఎత్తైన బండి మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో చాలావాటిలో పట్టదు. కాలనీ వీధిలో కానుగ చెట్టు నీడో, వేప నీడో చూసుకుని నిలపండి. వీధికుక్కలు తిరిగే చోటయితే కిటికీల కింది సగానికి తెరలు కట్టండి. పై సగం తెరిచి ఉంచితే పిట్టలు, కొమ్మలు కనబడతాయి, పిల్లికి పొద్దుపోతుంది. కుక్క మొహం అద్దానికి ఆనుకుని కనబడితే మాత్రం మీ వారం రోజుల శ్రమ ఒక్క నిమిషంలో పోతుంది.

పిల్లిని ఎక్కించేముందు మీరు నేల మీద బోర్లా పడుకుని టార్చిలైటుతో బండి అంతా వెతకండి. పిల్లి భుజాలను కట్టిపడేసే గట్టి కాలర్‌బోన్ దానికి లేదు, కాబట్టి తల దూరిన సందులో సాధారణంగా ఒళ్లంతా దూరిపోతుంది. డ్రైవరు సీటు కింద, డాష్‌బోర్డు వెనక వైర్ల గుత్తి పక్కన, నీళ్ల పైపు పోయే రంధ్రం, బ్యాటరీ అర, మంచం కింద డ్రాయర్ల వెనక ఖాళీ. ఇవన్నీ ప్లైవుడ్ ముక్కలతోనో ఇనుప జాలీతోనో మూసేయండి. డాష్‌బోర్డు వెనకకు దూరిన పిల్లిని బయటికి తీయాలంటే మెకానిక్కు సగం బండి విప్పాలి. అయితే దాక్కునే చోటే లేకుండా చేయకండి. దాక్కోవడం పిల్లికి ధైర్యం కూడగట్టుకునే మార్గం. మీ చేయి అందే చోట ఒకే ఒక్క గూడు ఉంచండి, ఆ గూడు దాని క్యారియరే అయితే మరీ మంచిది.

మొదటి రోజులు

తలుపులు, కిటికీలు మూసి చూసుకున్నాకే క్యారియర్‌ను లోపలికి తీసుకెళ్లండి. దాని తలుపు తీసి, మీరు పక్కన కూర్చోండి. పిలవకండి, లాగకండి, ఎదురుగా చూస్తూ కూర్చోకండి. ఏదైనా చదువుకోండి. కొన్ని పిల్లులు రెండు నిమిషాల్లో బయటికి వచ్చి మూలమూలా వాసన చూస్తాయి. కొన్ని అరగంటయినా తల బయట పెట్టవు. రెండూ సరైనవే. భయం పెరగకముందే, అది ప్రశాంతంగా ఉన్నప్పుడే ఇంటికి తీసుకెళ్లిపోవాలి. అది అరిచి గోల చేసిన తర్వాత దింపితే, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది.

రెండో రోజు నుంచి రోజూ ఒక పూట తిండి బండిలోనే పెట్టండి. బండిని ఒప్పుకుందా లేదా అన్నదానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. భయపడిన పిల్లి ముందు మానేసేది తిండి. ఇంట్లో తిన్నంత ఆత్రంగా గిన్నె నాకేస్తే ముందుకు వెళ్లవచ్చు. ఒక రోజంతా ఏమీ తినకపోతే పశువైద్యుణ్ని అడగాలి. రెండు మూడు రోజుల ఉపవాసం పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుపోయేలా చేసి ప్రాణం మీదికి తెస్తుంది. లావుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. మొండితనం దిగేదాకా మాడ్చడం అనే ఆలోచన పిల్లుల విషయంలో పనికిరాదు.

లిట్టర్ ట్రేను (పిల్లి మలమూత్రాలకు మట్టి పోసి పెట్టే పళ్లెం) తిండిగిన్నెకు దూరంగా, బండి మధ్యభాగంలో నేల మీద పెట్టండి. వెనక చక్రాలు దాటిన భాగం గతుకుల్లో బాగా ఎగురుతుంది, అక్కడ పెడితే లిట్టర్ అంతా మంచం మీదికి వస్తుంది. అంచులు ఎత్తుగా ఉన్న ట్రే తీసుకోండి. ఇంట్లో వాడే లిట్టరే ఇక్కడా పోయండి, కొత్త రకాన్ని పరిచయం చేసే సమయం ఇది కాదు. ఇళ్లలో ఎన్ని పిల్లులుంటే అంతకన్నా ఒక ట్రే ఎక్కువ పెట్టమంటారు. బండిలో అంత చోటు ఉండదు కాబట్టి రోజుకు రెండుసార్లు తీసేయడమే మార్గం. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే, అది అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే రోజూ తీయడం మన ఆరోగ్యానికి కూడా రక్ష. గర్భిణులకు ఈ పని అప్పగించవద్దు. తీసిన గడ్డలను సంచిలో మూటకట్టి చెత్తబుట్టలో వేయండి. మట్టి లిట్టర్ నీటిలో ఉబ్బి గట్టిపడుతుంది, బండి టాయిలెట్‌లో పోస్తే పైపు మూసుకుపోతుంది.

శబ్దం, తర్వాత కదలిక

బండిలో తిని, ఒళ్లు నాకి శుభ్రం చేసుకుని, కాళ్లు చాచి పడుకుంటోందంటే ఇంజిన్ వంతు వచ్చింది. ఒకరు లోపల పిల్లి దగ్గర, మరొకరు డ్రైవరు సీట్లో ఉండండి. ఒక్క నిమిషం ఇంజిన్ నడిపి ఆపేయండి, వెంటనే దానికి ఇష్టమైన చిన్న ముక్క పెట్టండి. రోజురోజుకీ సమయం పెంచండి. ఏసీ, నీళ్ల మోటారు, తలుపు గట్టిగా మూసిన చప్పుడు, అన్నీ ఇలాగే విడివిడిగా వినిపించండి. మనిషికి 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం వినబడదు. పిల్లికి అంతకు మూడు రెట్లకు పైగా వినబడుతుంది. మనకు నిశ్శబ్దంగా తోచే ఇన్వర్టరు దాని చెవికి కూత పెడుతూ ఉండవచ్చు. కారణం తెలియకుండా ఒక మూలకు వెళ్లనంటుంటే ఇన్వర్టరు ఆపి చూడండి.

కదిలే బండిలో పిల్లి క్యారియర్‌లోనే ఉండాలి. దీనికి మినహాయింపు లేదు, ఎంత సాధువైన పిల్లి అయినా సరే. విడిగా ఉన్న పిల్లి బ్రేకు పెడల్ కిందికి దూరితే మీ కాలు కిందికి దిగదు. ముందు సీటుకు వెనక, నేల మీద కదలకుండా ఇరుక్కునే చోటు క్యారియర్‌కు మంచిది. అలాంటి చోటు లేకపోతే బెల్టులతో రెండువైపులా బిగించండి. బయలుదేరే మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి ఆపండి, నీళ్లు ఆపనక్కరలేదు.

మొదట వీధి చివరిదాకా వెళ్లి రండి. కాలనీ రోడ్లలో అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లే కాబట్టి ఎక్కువ సాధనకు ఔటర్ రింగ్ రోడ్డు మేలు. మొత్తం 158 కిలోమీటర్లు, సాఫీ రోడ్డు. ఆదివారం తెల్లవారగానే శామీర్‌పేట దగ్గర ఎక్కి కీసర దగ్గర దిగండి, పిల్లి బాగుంటే తర్వాతి వారం ఘట్‌కేసర్ దాకా పొడిగించండి. ఔటర్ మీద మధ్యలో బండి ఆపకూడదు. పిల్లిని చూడాలంటే తర్వాతి ఎగ్జిట్‌లో దిగి సర్వీసు రోడ్డులో ఆపండి.

గట్టిగా అరవడం ఒక్కటే ప్రమాద సూచన కాదు, చాలా పిల్లులు మొదటి మైళ్లలో ఫిర్యాదు చేసి తర్వాత సర్దుకుంటాయి. మాటిమాటికీ పెదవులు నాకడం, చొల్లు కార్చడం, వాంతి చేసుకోవడం కనబడితే ప్రయాణం పడడం లేదని అర్థం. దీనికి పశువైద్యులు రాసే మంచి మందులున్నాయి. మన మందుల డబ్బా మాత్రం తెరవకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఇక నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే క్షణం ఆలోచించవద్దు. అది విపరీతమైన భయమో, వడదెబ్బో. వెంటనే ఆపి, చల్లబరిచి, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో మన నగరంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో మూసి నిలిపిన బండిలో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. టీ తాగి వస్తామనుకునే వ్యవధి అది. ఏసీ వేసి వెళ్లడం కూడా భరోసా కాదు, ఇంజిన్ ఆగినా బ్యాటరీ దిగినా లోపల ఉన్నవాళ్లు చెప్పలేరు. నిలిచి ఉన్న బండిలో పిల్లి ఉంటే ఒక మనిషి కూడా ఉండాలి. అత్యధిక ఉష్ణోగ్రతను గుర్తుపెట్టుకునే థర్మామీటరు కొని పిల్లి పడుకునే ఎత్తులో తగిలించండి. ఈ మూడో పాఠాన్ని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల చేసుకుంటే పిల్లికీ మీకూ సుఖం.

కాగితాల పని చిన్నదే. 1978 నాటి జంతు రవాణా నియమాలు పిల్లి రవాణాకు ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతాయి, నిండు చూలుతో ఉన్న పిల్లిని తరలించవద్దని కూడా చెబుతాయి. రేబిస్ టీకా, ట్రైక్యాట్ (పిల్లులకు వచ్చే మూడు జబ్బులకు కలిపి వేసే) టీకా వేయించిన కార్డు బండిలోనే ఉంచండి. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలోనో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోనో, మీ మామూలు డాక్టరు దగ్గరో ఈ పని పూర్తవుతుంది. టీకా వేయించిన మర్నాడే బయలుదేరకండి.

ఈ పాఠానికి సాధన

రోజూ ఒక పూట తిండి బండిలో. వాసన గుడ్డ రోజూ. తలుపు తీసేముందు పిల్లి ఎక్కడుందో పైకి చెప్పే అలవాటు ఇంటిల్లిపాదికీ, పిల్లలతో సహా. ‘చుక్క మంచం మీద, పండు క్యారియర్‌లో’ అని మా రెండు పిల్లుల జాడ చెప్పాకే మా బండి తలుపు గడియ తీస్తాం. చివరగా, ఇంటి ముందే నిలిపిన బండిలో మీరూ పిల్లీ ఒక రాత్రి పడుకోండి. ఆ రాత్రి అది తిని, ట్రే వాడితే మూడో పాఠం పూర్తయినట్టే.

నాలుగో పాఠం హార్నెస్ (పిల్లి మెడకూ ఛాతీకీ తొడిగే పట్టీ) గురించి, అనంతగిరి కొండల్లో మొదటి రాత్రి గురించి. శ్రీశైలం దారి ఎందుకు వద్దంటున్నానో కూడా అప్పుడు వివరంగా చెబుతాను. ఆ దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసి ఉంటాయి. ఈలోగా దర్జీలు వాడే టేపుతో మీ పిల్లి మెడ చుట్టుకొలత, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసి రాసి ఉంచుకోండి. బొచ్చును నొక్కి కొలవాలి, లేకపోతే హార్నెస్ వదులై పిల్లి వెనక్కి జారుకుంటుంది.