ఓటర్ల జాబితా నుంచి పేరు తొలగిస్తే ఏం చేయాలి: నోటీసు నుంచి అప్పీలు దాకా

ఓటు వేయడం రాజ్యాంగం ఇచ్చిన హక్కా, చట్టం ఇచ్చిన హక్కా అన్న చర్చ సుప్రీంకోర్టులో 1952 నాటి పొన్నుస్వామి కేసు నుంచి 2023 నాటి అనూప్ బరన్వాల్ తీర్పు దాకా సాగుతూనే ఉంది. ఆ చర్చ ఎటు తేలినా పోలింగ్ అధికారి చూసేది మాత్రం జాబితాలో పేరు ఉందా లేదా అన్నదే. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం జాబితాలో పేరు లేనివారికి, చేతిలో గుర్తింపు కార్డు ఉన్నప్పటికీ, ఓటు లేదు. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల నాడు కార్డులు పట్టుకొని వచ్చి, పేర్లు కనిపించక వెనుదిరిగినవారు ఎందరో ఉన్నారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి అందుకు క్షమాపణ చెప్పారు గాని, అప్పటికి పోలింగ్ ముగిసింది.

కాబట్టి ఎన్నికలు లేని రోజుల్లోనే జాబితా చూసుకోవాలి. ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఎపిక్ (ఓటరు గుర్తింపు కార్డు) నంబరుతో వెతకవచ్చు, 1950కి ఫోన్ చేసి అడగవచ్చు. వెతికినప్పుడు కనిపించకపోతే కంగారు పడకుండా, మీ పోలింగ్ కేంద్రానికి చెందిన జాబితా మొత్తాన్ని దించుకొని ఇంటి నంబరు వారీగా చూడండి. ఇంటిపేరు ముందో వెనకో పడినందువల్ల, అక్షరం మారినందువల్ల దొరకని పేర్లు చాలానే ఉంటాయి. ముసాయిదా జాబితా వెలువడినప్పుడు ఒకసారి, తుది జాబితా వచ్చాక మరొకసారి తప్పక చూడండి. నామినేషన్ల చివరి తేదీ దాటితే, ఎన్నిక పూర్తయ్యేదాకా ఆ నియోజకవర్గ జాబితాలో చేర్పులు, మార్పులు ఉండవు.

పేరు నిజంగానే లేకపోతే, బూత్ స్థాయి అధికారి సాధారణంగా ఇచ్చే సలహా మళ్లీ ఫారం 6 (కొత్త ఓటరుగా నమోదుకు దరఖాస్తు) పెట్టమని. ఎన్నికలు దగ్గరపడి ఉంటే ఆ పని వెంటనే చేయండి; అయితే అందులోని ప్రకటనను పూర్తిగా చదివి, మీరు ఇంతకు ముందే ఓటరుగా ఉన్న సంగతిని, పాత ఎపిక్ నంబరును ఒక లేఖలో రాసి జతచేయండి. అంతటితో ఆగిపోవద్దన్నదే నా అభిప్రాయం. కొత్త దరఖాస్తుతో పేరు వస్తుంది గాని, పాతది ఎవరి ఫిర్యాదు మీద, ఏ కారణంతో పోయిందో తేలకుండానే మిగిలిపోతుంది. అందుచేత అదే రోజున ఎన్నికల నమోదు అధికారికి మరో లేఖ రాసి, తొలగింపు ఉత్తర్వు ప్రతిని, కారణాన్ని, మీకు నోటీసు పంపినట్లు ఆధారాన్ని అడగండి. లేఖ అందినట్లు ముద్ర వేయించుకున్న ప్రతిని మీ వద్ద ఉంచుకోండి.

ఆ లేఖకు బలం చట్టంలోనే ఉంది. మీరు నివాసం మార్చారనో, అర్హులు కారనో పేరు తీసేయదలచినప్పుడు ముందుగా మీ వాదన వినాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్, 1960 నాటి నమోదు నిబంధనల్లోని 21ఎ నిబంధన చెబుతున్నాయి. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా, ఒకసారి జాబితాకెక్కిన పేరు సక్రమ విచారణ తరువాతే ఎక్కిందన్న భావనతో అధికారి మొదలుపెట్టాలని, సందేహానికి కారణమేమిటో నోటీసులో తెలపాలని చెప్పింది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇతరుల పేర్లతో ఫారం 7 (పేరు తొలగించమని కోరే) దరఖాస్తులు కుప్పలుగా వచ్చి పోలీసు కేసుల దాకా వెళ్లిన ఉదంతం గుర్తున్నవారికి ఈ రక్షణ ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

నోటీసు వస్తే విచారణకు స్వయంగా హాజరై, విద్యుత్ బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం, అద్దె ఒప్పందం వంటి నివాస రుజువులతో పాటు రాతపూర్వక జవాబు ఇవ్వండి. ఆ రోజున రాలేకపోతే ముందుగానే లేఖ రాసి మరో తేదీ కోరండి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో పనుల కోసం వలస వెళ్లేవారు అదే 1950 చట్టంలోని 20వ సెక్షన్‌ను ప్రస్తావించాలి: తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన అక్కడి నివాసం పోదని అది చెబుతుంది. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన నివాసం ఉన్నట్లు కాదని చెప్పేదీ అదే సెక్షన్. హైదరాబాద్‌లో స్థిరపడి సొంత ఊళ్లోనూ ఓటు అట్టిపెట్టుకున్నవారు ఫారం 8 ద్వారా ఒకచోటికి మార్చుకోవడం మంచిది. రెండుచోట్ల నమోదును చట్టం ఒప్పుకోదు, తప్పుడు ప్రకటనకు ఏడాది దాకా జైలు ఉంది. పైగా ఈ రెండు ఓట్ల అలవాటే, నిజమైన ఓటర్లను తొలగించినప్పుడు కూడా అధికారులకు సాకుగా పనికివస్తోంది.

ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా ఉంటే 24వ సెక్షన్ కింద 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేటుకు, అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేయవచ్చు. పేరు తొలగించిన ఉత్తర్వు చేతిలో లేకపోతే అప్పీలు నడవడం కష్టం. అందుకే నోటిమాటగా ఇచ్చే హామీలను నమ్మవద్దు.

ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో భాగంగా బిహార్‌లో 2025 ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకపోగా, ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. సెప్టెంబరు 8న, ఆ సవరణలో ఎన్నికల సంఘం ఒప్పుకున్న పదకొండు పత్రాలకు తోడు ఆధార్‌ను పన్నెండో పత్రంగా అంగీకరించాలని చెబుతూ, అది గుర్తింపుకే గాని పౌరసత్వానికి రుజువు కాదని స్పష్టం చేసింది. కారణం చెప్పండని ఎన్నికల సంఘానికి దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి రావడమే విచారకరం. ఆ ఆదేశాలు బిహార్ సవరణకు సంబంధించినవే అయినా, మీ లేఖలో ప్రస్తావించడంలో తప్పులేదు.

హైకోర్టును ఆశ్రయించదలిస్తే ఎన్నికల ప్రకటనకు చాలా ముందే వెళ్లాలి. ఎన్నికల ప్రక్రియ మొదలయ్యాక కోర్టుల జోక్యాన్ని రాజ్యాంగంలోని 329వ అధికరణ నిరోధిస్తుంది. జాబితాలో లోపాలున్నాయని ఎన్నికలను ఆపలేమని 1985లో పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పోలింగ్ రోజున రెండు సందర్భాల్లో మాత్రం వెనుదిరగవద్దు. మీ పేరు జాబితాలో ఉండి, గైర్హాజరు, వలస, మృతుల పట్టికలోనూ చేరి ఉంటే, గుర్తింపు చూపి ప్రకటన మీద సంతకం చేసి ఓటు వేయవచ్చు. మీ పేరుతో ఇంకెవరో అప్పటికే ఓటు వేసి ఉంటే ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 49పి కింద టెండర్ ఓటు అడగండి. దానికి కాగితపు బ్యాలెట్ ఇస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు గాని విడిగా భద్రపరుస్తారు, వివాదం కోర్టుకు వెళ్తే అది సాక్ష్యంగా నిలుస్తుంది.