సంజీవయ్య పార్కుకు ఒక పూట

ఊళ్లోంచి చుట్టాలొస్తే హైదరాబాద్‌లో అందరూ ట్యాంక్‌బండ్‌కి తీసుకెళ్తారు. నేనైతే ముందు సంజీవయ్య పార్కుకు తీసుకెళ్తాను. హుస్సేన్ సాగర్‌ని చెట్ల నీడలో తీరిగ్గా చూడాలంటే ఉత్తరపు ఒడ్డే మేలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో నీళ్ల వాసన వస్తుంది, పెద్దవాళ్లకి కష్టం. పొద్దున్నే బయల్దేరండి. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వస్తే పార్కు పేరుతోనే స్టేషన్ ఉంది. రైళ్లు తరచుగా ఉండవు కాబట్టి టైమింగ్స్ ముందే చూసుకోండి. గణేశ్ నిమజ్జనం రోజుల్లో మాత్రం ఇటువైపు రావద్దు.

లోపలికి రాగానే అందరి కళ్లూ 2016లో నిలిపిన 291 అడుగుల జెండా స్తంభం మీదకే పోతాయి. దాన్ని చూశాక దామోదరం సంజీవయ్య గారి సమాధి దగ్గర కాసేపు ఆగండి. పిల్లలుంటే ఆయనెవరో అక్కడే చెప్పండి. కర్నూలు జిల్లా పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. పార్కు పేరు రోజూ పలికేవాళ్లకి కూడా ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాత నీళ్ల వైపు నడవండి. సూర్యుడు ట్యాంక్‌బండ్ మీదుగా పైకొస్తుంటాడు. నీటికాకులు మునిగి లేచి, తడిసిన రెక్కలు రెండు వైపులా చాపుకుని ఎండకి ఆరబెట్టుకుంటాయి. చప్పుడు చేయకుండా నిలబడితే మెడ తిప్పి మనల్నే చూస్తాయి. దూరంగా బుద్ధుడు కనిపిస్తాడు. 1990లో ప్రతిష్ఠకు తరలిస్తుండగా ఆ ఏకశిలా విగ్రహం నీళ్లలో మునిగిపోయింది, మనుషులు చనిపోయారు. 1992లో బయటికి తీసి నిలబెట్టారు. ఇక ఈ చెరువు సంగతంటారా, 1560లలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించినది.

సీతాకోకచిలుకల తోట పిల్లలకి నచ్చుతుంది. టిఫిన్ ఇంటి నుంచే తెచ్చుకోండి, కవర్లు మాత్రం తిరిగి సంచిలో వేసుకోండి. గాలికి ఎగిరితే నేరుగా నీళ్లలోకే పోతాయి.

ఓపికుంటే అక్కడి నుంచి ఆటోలో ట్యాంక్‌బండ్ సికింద్రాబాద్ వైపు చివరికి వెళ్లి సైదానీ మా సమాధి చూడండి. 1883లో ఒక నవాబు తన తల్లి కోసం కట్టించాడు. గోడల మీద సున్నపు పనితనం దగ్గరికెళ్తేనే తెలుస్తుంది.