ఓటమి ఖాయమనిపిస్తే స్టార్ ఆటగాళ్లను బయట కూర్చోబెట్టాలా? తేల్చుకోవడం ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. మన జట్టు మూడు నాలుగు టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించి చేసే స్కోర్లు) వెనకబడి ఉంటుంది. కోట్లు పోసి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడిని నడిపించేవాడు, ఇంకా మైదానంలోనే ఉంటాడు. నూట ఇరవై కిలోల మనుషులు వచ్చి వచ్చి మీద పడుతుంటారు. "గేమ్ పోయింది కదా, ఇంకా ఎందుకు ఆడిస్తున్నాడు?" అని టీవీ ముందు సగం మంది విసుక్కుంటారు. తీసేస్తే మిగతా సగం మంది లేస్తారు: "అప్పుడే చేతులెత్తేశాడేంటి?"

నా దృష్టిలో ఇది సగం లెక్క, సగం ముందుచూపు. పౌరుషానికి ఇందులో పెద్దగా పని లేదు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ను దృష్టిలో పెట్టుకుని, కోచ్ స్థానంలో మనమే ఉన్నట్టు వరసగా చూద్దాం.

1. గీత ముందు రోజే గీసుకోండి

ఎనభై వేల మంది అరుస్తుంటే, హెడ్‌సెట్‌లో నలుగురు అసిస్టెంట్లు నాలుగు మాటలు చెబుతుంటే ఎవరి బుర్రా సరిగా పనిచేయదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, స్టార్ కుంటుకుంటూ బయటికి వచ్చాక తీసుకునే నిర్ణయం నిర్ణయమే కాదు. టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింటు కిక్‌కు బదులు రెండు పాయింట్ల ప్రయత్నం ఎప్పుడు చేయాలో చెప్పే చార్టు కోచ్‌ల చేతిలో ఎలాగూ ఉంటుంది. దాని వెనక ఇంకో నాలుగు వాక్యాలు రాసుకుంటే సరిపోతుంది: ఎంత సమయానికి ఎంత తేడా ఉంటే ఎవరెవరు బయటికి రావాలి, వాళ్ల స్థానంలో ఎవరు వెళ్లాలి, తర్వాతి గేమ్ ఎన్ని రోజుల్లో ఉంది, ఎవరికి పాత దెబ్బలున్నాయి.

తర్వాతి గేమ్ ఎప్పుడన్నది చిన్న విషయంగా తీసేయకండి. ఆదివారం ఆడి మళ్లీ గురువారమే ఆడాల్సి వస్తే మధ్యలో మిగిలేది మూడు రోజులు. వచ్చే వారం సెలవు ఉన్న జట్టు కాస్త ఎక్కువసేపు పోరాడవచ్చు.

2. పాయింట్లు కాదు, బంతి ఎన్నిసార్లు రావాలో లెక్కపెట్టండి

అసలు పని ఇదే. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

ఒకసారి బంతి చేతికి వస్తే గరిష్ఠంగా రాబట్టగలిగేది 8 పాయింట్లు: టచ్‌డౌన్‌కు 6, ఆపైన రెండు పాయింట్ల ప్రయత్నం ఫలిస్తే 2. అంటే 16 పాయింట్ల తేడాకు రెండుసార్లు బంతి వస్తే చాలు, 17కి మూడుసార్లు కావాలి. 24కి మూడు, 25కి నాలుగు. ఒక్క పాయింటు దగ్గర లెక్క ఎలా మారిపోతుందో చూశారు కదా, స్కోరు బోర్డు ఈ సంగతి చెప్పదు.

ఇక సమయం. అరవై నిమిషాల గేమ్‌లో ఒక్కో జట్టు చేతికి బంతి సుమారు పది పన్నెండుసార్లు వస్తుంది. అంటే దాదాపు ఐదు నిమిషాలకు ఒకసారి. మిగిలిన నిమిషాలను ఐదుతో భాగించండి. వచ్చిన సంఖ్య మీకు కావాల్సినదానికంటే ఎక్కువుంటే గేమ్ బతికే ఉంది. సమానంగా ఉంటే కొన ఊపిరితో ఉంది. తక్కువైతే ఆశ వదులుకోవచ్చు. టైమవుట్లు చేతిలో ఉండి, హడావుడిగా ఆడితే ఒకటి అదనంగా కలుపుకోండి. ఆన్‌సైడ్ కిక్ (స్కోరు చేశాక అవతలివాళ్లకు కొట్టాల్సిన కిక్‌ఆఫ్‌ను తిరిగి మనమే పట్టుకునేలా దగ్గరకే కొట్టడం) మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కిక్‌ఆఫ్ నిబంధనలు మారాక అది ఫలించడం బాగా తగ్గిపోయింది. పైగా 2024 నుంచి ముందే ప్రకటించి మరీ కొట్టాలి.

ఈ లెక్కను చరిత్రలో అందరికీ గుర్తున్న గేమ్ మీద పెట్టి చూద్దాం. 2017 ఫిబ్రవరి 5, హ్యూస్టన్‌లో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్. మూడో క్వార్టర్‌లో ఎనిమిదిన్నర నిమిషాలు మిగిలి ఉండగా అట్లాంటా ఫాల్కన్స్ 28, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 3. తేడా 25, కాబట్టి నాలుగుసార్లు కావాలి. మిగిలినవి ఇరవై మూడున్నర నిమిషాలు, ఐదుతో భాగిస్తే నాలుగు చిల్లర. అద్భుతం అని అందరూ అనే ఆ గేమ్ లెక్కలో అసలు పోనే లేదు. పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ జట్టు సరిగ్గా నాలుగుసార్లే స్కోరు చేసింది: ఒక టచ్‌డౌన్ (తర్వాతి కిక్ కూడా పోయింది), ఒక ఫీల్డ్ గోల్ (3 పాయింట్ల కిక్), ఆ తర్వాత రెండు పాయింట్ల ప్రయత్నాలు కలిసొచ్చిన రెండు టచ్‌డౌన్లు. 28-28. అదనపు సమయంలో 34-28తో కప్పు కొట్టుకుపోయింది.

2022 డిసెంబర్ 17న మిన్నెసోటా వైకింగ్స్ సగం గేమ్ అయ్యేసరికి ఇండియానాపోలిస్ కోల్ట్స్ మీద 0-33తో ఉంది. కావాల్సింది ఐదుసార్లు, మిగిలింది ముప్పై నిమిషాలు. రెండో సగంలో ఐదు టచ్‌డౌన్లు కొట్టి, అదనపు సమయంలో 39-36తో గెలిచింది. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఇంతకంటే పెద్ద లోటు పూడ్చిన జట్టు లేదు. కాబట్టి సగం గేమ్‌కే స్టార్లను బూట్లు విప్పమనే కోచ్‌ను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు దీనికి అటువైపు. 2014 సెప్టెంబర్ 29, కాన్సస్ సిటీ. బ్రేడీ వేసిన బంతిని చీఫ్స్ డిఫెండర్ పట్టుకుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తడంతో స్కోరు 41-7 అయింది. తేడా 34, అంటే ఐదుసార్లు. మిగిలినది పది నిమిషాలు అటూ ఇటూ, అంటే మహా అయితే రెండుసార్లు. పేట్రియాట్స్ కోచ్ బిల్ బెలిచిక్ బ్రేడీని కూర్చోబెట్టి, జిమ్మీ గరోపొలో అనే కొత్త కుర్రాణ్ణి పంపాడు. బ్రేడీ పని అయిపోయిందని ఆ వారమంతా టీవీల్లో ఒకటే చర్చ. తర్వాతి ఆదివారం సిన్సినాటి మీద 43-17తో గెలిచారు, ఆ సీజన్ సూపర్ బౌల్ కూడా వాళ్లదే.

3. రేపు ఉందో లేదో చూసుకోండి

ప్లేఆఫ్స్‌లో ఓడితే ఇంటికే. అక్కడ వచ్చే వారం కోసం దాచుకోవడం అనే మాటే లేదు, ఆఖరిదాకా ఆడాల్సిందే. అయితే వచ్చే వారం లేకపోయినా వచ్చే ఏడాది ఉంటుంది. 2013 జనవరి 6న వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ అప్పటికే దెబ్బతిన్న మోకాలితో సియాటిల్ మీద ఆడాడు. కుంటుతున్నాడని స్టేడియంలో అందరికీ కనిపిస్తూనే ఉంది. నాలుగో క్వార్టర్‌లో కింద పడిన బంతిని అందుకోబోతే మోకాలు మడతపడిపోయింది, లిగమెంట్లు తెగాయి. గేమ్ 24-14తో పోయింది. గ్రిఫిన్ మళ్లీ మునుపటి గ్రిఫిన్ కాలేదు. ఆ రోజు ఆఖర్లో అతని బదులు వచ్చిన బ్యాకప్ కిర్క్ కజిన్స్. పదేళ్ల తర్వాత వైకింగ్స్ తరఫున ఆ 33 పాయింట్ల లోటు పూడ్చింది అతనే.

లీగ్ దశలో ఇంకో సౌకర్యం ఉంది. ఐపీఎల్‌లో ఓడినా ఎంత తేడాతో ఓడామన్నది నెట్ రన్ రేట్ రూపంలో మెడకు చుట్టుకుంటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు జట్లు సమానంగా నిలిస్తే ముందు చూసేది ముఖాముఖి ఫలితం, డివిజన్ రికార్డు లాంటివే. పాయింట్ల తేడా ఆ జాబితాలో ఎక్కడో అడుగున ఉంటుంది. 20తో ఓడినా 35తో ఓడినా దాదాపు ఒకటే. పరువు కోసం స్టార్‌ను ఆడించడం శుద్ధ దండగ.

4. ఎవరిని ముందు తీయాలో వరస పెట్టుకోండి

అందరినీ ఒకేసారి తీయలేరు. గేమ్ రోజున దుస్తులు వేసుకునేది 48 మందికి మించరు. క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగా ఐదుగురు లైన్‌మెన్ ముందు నిలబడాలంటే బెంచీ మీద ఉండేది ముగ్గురే. కాబట్టి వరస కావాలి.

మొదట కిక్ జట్లలో ఉన్న స్టార్లను తీయండి. 2012 నవంబర్ 18న కోల్ట్స్ మీద పేట్రియాట్స్ 59-24తో గెలిచిన గేమ్‌లో, పాసులు అందుకునే వాళ్ల స్టార్ రాబ్ గ్రాంకోవ్‌స్కీ ముంజేయి విరిగింది. ఎక్కడో తెలుసా? చివర్లో ఎవరికీ అక్కర్లేని ఒక్క పాయింటు కిక్‌కు అడ్డు నిలబడి. గెలుస్తున్నా ఓడుతున్నా ఆ ఒక్క చోటు నుంచి స్టార్‌ను తప్పిస్తే జట్టుకు పోయేదేమీ లేదు.

తర్వాత పాత దెబ్బలున్నవాళ్లు. వీళ్ల విషయంలో గీతను ఒకసారి బంతి వచ్చేంత ముందుకు జరపండి. 2024 సెప్టెంబర్ 12, గురువారం రాత్రి. మయామీ డాల్ఫిన్స్ 10-31తో బఫెలో బిల్స్ కంటే వెనకబడి ఉంది. మూడో క్వార్టర్ ఇంకా నాలుగు నిమిషాల పైచిలుకు మిగిలే ఉంది. 2022లోనే తలకు దెబ్బలు తగిలి ఆగిపోయిన డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా నాలుగు గజాల కోసం బంతి పట్టుకుని పరిగెత్తి, డిఫెండర్‌ను తలతో ఢీకొట్టాడు. మళ్లీ కన్‌కషన్, అంటే మెదడు అదిరిపోయే దెబ్బ. అతను లేని నాలుగు గేముల్లో డాల్ఫిన్స్ మూడు ఓడింది. 21 తేడాకు మూడుసార్లు కావాలి, సమయం పందొమ్మిది నిమిషాలుంది. మామూలు లెక్క ప్రకారం గేమ్ పోలేదు, ముందుకు జరిపిన గీత ప్రకారమైతే సరిగ్గా అంచున ఉంది. కాబట్టి అతన్ని ఆడించడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆడించడానికీ తీసేయడానికీ మధ్య ఇంకో దారి ఉంది: చేతిలో బంతి రెండు సెకన్లకు మించి ఉండకుండా చిన్న పాసులే ఆడించడం, పరిగెత్తితే తలకంటే ముందు కాళ్లు జారేలా పడమని గట్టిగా చెప్పడం. అలాంటి ఆటగాడితో ఆ మాట గేమ్‌కు ముందే అయిపోవాలి.

ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు). లైన్‌మెన్ అందరికంటే చివర. బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌ను, బ్యాకప్ లైన్‌ను ఒకేసారి పంపితే ఆ కుర్రాడు నలిగిపోతాడు. అతనికీ దెబ్బ తగిలితే? 2023 జనవరి 29న శాన్‌ఫ్రాన్సిస్కోకు అదే జరిగింది. క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ మోచేయి పోయింది. బదులు వచ్చిన జాష్ జాన్సన్‌కు తలకు దెబ్బ తగిలింది. బంతి విసరలేని పర్డీయే మళ్లీ రావాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియా 31-7తో గెలిచింది. దాంతో మూడో క్వార్టర్‌బ్యాక్‌ను అత్యవసరానికి ఉంచుకునే నిబంధన 2023లో తెచ్చారు. అయితే మొదటి ఇద్దరూ దెబ్బతింటేనో, రిఫరీ బయటికి పంపేస్తేనో తప్ప అతను దిగడానికి లేదు. గేమ్ పోయిందని ఇద్దరినీ కూర్చోబెట్టి మూడోవాణ్ణి దింపుతానంటే కుదరదు.

5. బయటికి పిలిచే పద్ధతి

డ్రైవ్ (బంతి మన చేతిలో ఉన్నంతసేపూ సాగే దాడి) మధ్యలో పిలవకండి. బంతి అవతలి జట్టుకు వెళ్లినప్పుడు, పక్కకు తీసుకెళ్లి, ఒక్క మాటలో చెప్పండి: "ఈ రోజుకి చాలు, ఆదివారం నువ్వు కావాలి." వాదిస్తాడు. వాదించాలి కూడా, వాదించనివాడు స్టార్ అయ్యేవాడు కాదు. మరీ మొండివాడైతే హెల్మెట్ తీసి దాచేయండి. తలకు దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ట్రైనర్లు చేసేది అదే.

కాంట్రాక్టులో బోనస్ ఏమైనా మిగిలి ఉందేమో కూడా ముందే కనుక్కోండి. 2022 జనవరిలో కరోలినా మీద, బ్రేడీ, గ్రాంకోవ్‌స్కీ అప్పటికి మారిన టాంపా బే బాగా ముందంజలో ఉన్నా బ్రేడీ బయటికి రాలేదు. గ్రాంకోవ్‌స్కీకి 5 లక్షల డాలర్లు రావాలంటే ఇంకొక్క క్యాచ్ కావాలి. ఆ క్యాచ్ ఇప్పించి వచ్చాడు. ఓడుతున్న గేమ్‌లోనూ ఇలాంటి లెక్కలుంటాయి. ఆటగాడికి తెలిసి మీకు తెలియకపోతే లాకర్ రూమ్‌లో వారం రోజులు ముఖాలు మాడిపోతాయి.

ఇంకో సంగతి. సాకర్‌లోలా తీసినవాడు మళ్లీ రాకూడదన్న నియమం ఇక్కడ లేదు. బ్యాకప్ రెండు టచ్‌డౌన్లు కొట్టేస్తే స్టార్‌ను మళ్లీ పంపవచ్చు. అందుకే మొదటి పావుగంట అతన్ని చలిలో కూర్చోబెట్టకుండా, కోటు కప్పి, ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కిస్తూ ఉంచాలి.

6. బ్యాకప్‌ను నిజంగా ఆడనివ్వండి

బంతి అందించి పక్కకు తప్పుకోవడానికే అయితే కుర్రాణ్ణి పంపడం వృథా. కాన్సస్ సిటీలో గరోపొలో ఆ కాసేపట్లోనే టచ్‌డౌన్ పాస్ వేశాడు. పట్టుకున్నది గ్రాంకోవ్‌స్కీ, అంటే బెలిచిక్ అతన్ని తీయలేదన్నమాట. 1993 జనవరి 3న బఫెలో 3-35తో వెనకబడినప్పుడు ఆడుతున్నది బ్యాకప్ ఫ్రాంక్ రైకే. అసలు క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ గాయంతో బయట ఉన్నాడు. రెండు పాయింట్ల ప్రయత్నం ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి ఇంకా రాని రోజులవి, కాబట్టి 32 పూడ్చాలంటే నాలుగు చాలవు, ఐదుసార్లు కావాలి. అయినా హ్యూస్టన్ ఆయిలర్స్ మీద 41-38తో గెలిచారు.

స్కూలు, కాలేజీ స్థాయిలో

కాలేజీలో ఒక మెలిక ఉంది. 2018 నుంచి కొత్త కుర్రాడు సీజన్‌లో నాలుగు గేముల వరకు ఆడినా అతని అర్హతలో ఏడాది ఖర్చవదు. పోయిన గేమ్‌లో రెండు నిమిషాలు పంపినా అది ఒక గేమ్ కిందే లెక్క. ఎవరికి ఎన్ని అయ్యాయో ఒకరు రాసుకుంటూ ఉండాలి.

హైస్కూల్లో అయితే నా గీత చాలా ముందుంటుంది. పదిహేడేళ్ల పిల్లల మోకాళ్ల మీద ఏ లీగ్ పట్టికా ఆధారపడి లేదు. చాలా రాష్ట్రాల్లో రెండో సగంలో తేడా 35 పాయింట్లో, ఆ చుట్టుపక్కలో దాటితే గడియారాన్ని ఆపకుండా నడిపించేస్తారు. అంటే ఐదుతో భాగించే లెక్క అక్కడ పనికిరాదు, సమయం ఇట్టే అయిపోతుంది. ఆ గడియారం మొదలైన వెంటనే పెద్ద ఆటగాళ్లను కూర్చోబెట్టేయవచ్చు. డాలస్ పక్కన ఫ్రిస్కో లాంటి చోట్ల ఉండే మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా శుక్రవారం రాత్రి ఈ జట్లలో కనిపిస్తుంటారు. మీవాడు బెంచీ మీద ఉన్నాడా? స్కోరు 42-7 అయిందని, పార్కింగ్‌లో రద్దీ తప్పించుకోవచ్చని ముందే లేచి వెళ్లిపోకండి, వాణ్ణి పంపేది ఇప్పుడే.